సున్నివ టార్చిలైటు

పుట్టినరోజుకి వాళ్లమ్మ కొనిచ్చిన టార్చిలైటు.
పసుపు పచ్చది. నీళ్లలో పడ్డా పాడవదట.
ఆ మాట విన్న దగ్గర్నుంచీ
మా మేనకోడలికి చెయ్యి దురద.

పడవ నాది. అంటే, సగం నాది.
మిగతా సగం ఓడ్వార్‌ది. ఆదివారాలు అతనివి.
ఇంజిను చెడితే మాత్రం వారమంతా నాదే.
తొమ్మిది గుర్రాల ఇంజిను, అందులో రెండు కుంటివి.
ఆ ఏడింటితోనే శనివారం సాయంత్రం
రేవు దాటి, సాల్మన్ చేపలు పెంచే వలల్ని చుట్టి
గంటన్నరకి ద్వీపం చేరాం.

మనుషుల్లేరు. పదకొండు గొర్రెలు.
వేసవి మేతకి ఎవరో పడవలో తెచ్చి దింపిపోయారు.
సముద్రపు బాతులు గుడ్లు పెట్టుకోవడానికని
ఎప్పటివాళ్లో రాళ్లతో కట్టిన బుల్లి ఇళ్లున్నాయి.
సున్నివ ఒక్కో గుమ్మం ముందూ మోకాళ్ల మీద వంగి
లోపలికి టార్చి కొట్టింది.
"ఎవరూ లేరు మామయ్యా, అద్దెకిచ్చుకోవచ్చు."

మేకు దిగని నేల. డేరా తాళ్లకి రాళ్లు కట్టాను.
నల్లబడ్డ గిన్నెలో కాఫీ,
రొట్టె మీద గోధుమరంగు జున్ను.
"చీకటి ఎప్పుడు పడుతుంది?"

అప్పుడు తట్టింది నాకు.
పిల్ల పెరిగింది దక్షిణాన, బెర్గెన్‌లో.
అక్కడ జూన్‌లోనూ ఆకాశం కాస్త కునుకు తీస్తుంది.
మా వైపు సూర్యుడు
సముద్రం అంచుదాకా వచ్చి
బొటనవేలితో నీళ్లు తాకి చూసి
చలేసినవాడిలా వెనక్కి వెళ్లిపోతాడు.

"ఇప్పట్లో పడదే."
"ఇప్పట్లో అంటే?"
"ఆగస్టు."

తర్వాత నాతో మాట్లాడలేదు.
పదకొండింటికి గొర్రెలు పడుకున్నాయి.
పన్నెండింటికి లేచి మళ్లీ మేశాయి,
వాటికీ లెక్క తప్పినట్టుంది.
ఎర్రముక్కు పిట్ట ఒకటి
మా మీద ఫిర్యాదు చేస్తూ తీరమంతా తిరిగింది.

ఒంటిగంటకి, నిద్రసంచిలో తలదాకా దూరి
జిప్పు లాగేసుకుంది.
నీలం గుడ్డ వెనక పసుపు వెలుగు అటూ ఇటూ పాకింది.
"మామయ్యా, ఇక్కడ పడింది చీకటి!
నువ్వు పట్టవు. తల మాత్రం పెట్టు."

పెట్టాను.
తడి మేజోళ్ల వాసన, గుప్పెడు గొర్రెబొచ్చు,
నాకు చెప్పకుండా ఏరిన పదిహేను గవ్వలు.
వెలుగు ఒక్కోదాని మీదా ఆగి, పేరు చెప్పి, కదిలింది.
నా మెడ పట్టేసింది. కదల్లేదు నేను.

పొద్దున, అంటే గడియారం పొద్దున అన్నప్పుడు,
లేచి చూస్తే సముద్రం లేదు.
ఆటుపోట్ల పట్టిక నేను తప్పు చదివాను.
పడవ బండల మీద
తాగి పడిపోయినవాడిలా ఒరిగి ఉంది.

ఓడ్వార్ ఫోన్ చేశాడు: "ఇవాళ ఆదివారం. పడవేది?"
"నీ సగం రాళ్ల మీదుంది. నా సగం దానికి తోడుగా ఉంది."
అతను నవ్వలేదు.

నీళ్లు తిరిగి రావడానికి ఇంకో మూడు గంటలు.
ఆ మూడు గంటల్లో సున్నివ పడవ పొట్ట కింద దూరింది.
ద్వీపం మొత్తానికి నీడంటూ ఉన్నది అక్కడే.
వెల్లకిలా పడుకుని, టార్చి వేసి,
పలక పలకా చదివినట్టు చూసింది.
"ఇక్కడ్నించి కారుతోంది మామయ్యా."

రెండు వేసవులు.
రెండు వేసవులుగా డబ్బాతో నీళ్లు తోడిపోస్తూ
ఓడ్వార్ నన్నూ, నేను ఓడ్వార్‌నీ తిట్టుకున్న చీలిక.
నా వేలు పట్టేంత కూడా లేదు.
పాత గుడ్డ కుక్కి, డేరాకి అతికే టేపు వేశాను.
టార్చి ఆవిడ పట్టుకుంది, నా కళ్లలోకి.

తిరుగు దారిలో, లోతైన చోట,
అది జారిందో జార్చిందో నేనడగలేదు.
ఇంజిను ఆపేశాను.
పసుపు చుక్క తిరుగుతూ, తిరుగుతూ, దిగింది.
పచ్చనీళ్లలోంచి నల్లనీళ్లలోకి.
ఎంత చిన్నదైనా కనిపిస్తూనే ఉంది.

"పాడవలేదు, చూడు" అంది.